రాత్రి తొమ్మిది గంటల మాత్ర

రిపోర్టు చూసి డాక్టరు గారు సంతోషించారు. "వైరల్ లోడ్ ఈసారి కూడా కనిపించని స్థాయిలోనే ఉందమ్మా. సీడీ4 ఆరు వందలు దాటింది. ఇంతకన్నా ఏం కావాలి?" అన్నారు. వైరల్ లోడ్ అంటే రక్తంలో హెచ్ఐవీ ఎంత ఉందో, సీడీ4 అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్కలు. నేనూ నవ్వి, దండం పెట్టి బయటికొచ్చాను. మెట్ల దగ్గర కాసేపు కూర్చుందామనుకున్నాను. కూర్చున్నాక లేవలేకపోయాను. కాళ్ళకేమీ కాలేదు. లేచి ఎక్కడికి పోవాలో, పోయి ఏం చేయాలో తోచలేదంతే. గంటన్నర అక్కడే ఉండిపోయాను.

అది 2019. నాకు హెచ్ఐవీ ఉందని తెలిసి అప్పటికి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఒక్క పూట కూడా మందు మానలేదు. ఒంట్లో వైరస్ అణిగిపోయింది. మనసు మాత్రం మొదటి రిపోర్టు చేతికిచ్చిన ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే ఉండిపోయింది. మందులతో ఒళ్ళు బాగుపడినా లోపల నలిగిపోతూ ఉండేవాళ్ళు చాలామంది ఉంటారని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. అందుకే, తేరుకోవడంలో ధ్యానం నాకెలా పనికొచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

మాత్ర రాత్రి తొమ్మిదికి. ఫోన్లో అలారం ఉండేది. అది మోగకముందే, ఎనిమిదిన్నర నుంచే గుండె దడ మొదలయ్యేది. అరచేతులకు చెమటలు పట్టేవి. డబ్బా మూత తీసి, చూడకుండా మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, డబ్బాను మళ్ళీ బట్టల అడుగున దాచేసేదాన్ని. అంతా కలిపి పది సెకన్ల పని. ఆ పది సెకన్లలో ప్రతి రాత్రీ నాకు ఆ జబ్బు కొత్తగా వచ్చేది. పగలంతా ఎలాగోలా మరిచిపోయినదాన్ని ఆ మాత్ర పేరు పెట్టి పిలిచినట్టుండేది. తర్వాత నిద్ర పట్టేది కాదు, పట్టిందంటే కలలు. రంగులతో, వాసనలతో వచ్చి, లేచాక కూడా గంటసేపు వదలని కలలు. అప్పట్లో నేను వేసుకునే మాత్రలో ఎఫావిరెంజ్ ఉండేది. కలత కలలు, తల తిరగడం, కొందరిలో దిగులు కూడా ఆ మందు వల్ల రావచ్చని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసేదాకా అదంతా నా మనసు బలహీనతే అనుకుని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ రోజు మెట్ల మీద నన్ను చూసింది కౌన్సెలర్ మేడమ్. లోపలికి తీసుకెళ్ళి ఒక కాగితం ఇచ్చారు. పీహెచ్‌క్యూ-9 అంటారు దాన్ని. తొమ్మిది ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఎందుకూ పనికిరానిదాన్ననిపించడం, ఇలాంటివి ఎన్ని రోజులు ఉన్నాయని అడుగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. ఎక్కువ వస్తే దిగులు ఎక్కువని అర్థం. నాకు 17 వచ్చింది. చివరి ప్రశ్న చచ్చిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. అక్కడ నా పెన్ను ఆగింది. చాలాసేపటికి "కొన్ని రోజులు" అన్న గడిలో టిక్కు పెట్టాను. మేడమ్ అది చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని సూటిగానే అడిగారు. "ప్రాణం తీసుకోవాలని ఏమైనా అనుకుంటున్నారా అమ్మా?" అంతవరకూ నన్నెవరూ ఆ మాట అడగలేదు. అడిగినందుకే ఏడుపొచ్చింది. తీసుకోవాలని లేదు, తెల్లారి మెలకువ రాకపోతే బాగుండునని మాత్రం ఉందని చెప్పాను.

ధ్యానం గురించి చెబుతానని ఇదంతా ఎందుకంటే, నా విషయంలో మొదట జరిగింది ధ్యానం కాదు, వైద్యం. ఆ వారమే మానసిక వైద్యుల దగ్గరికి పంపారు. నా హెచ్ఐవీ మందులతో పొసగే డిప్రెషన్ మాత్ర చూసి రాశారు. తర్వాత కొద్ది వారాలకు ఎఫావిరెంజ్ తీసేసి డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర ఇచ్చారు. చికిత్స మొదలుపెట్టేవాళ్ళకు డోలుటెగ్రావిర్‌కే మొదటి స్థానం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది కూడా ఆ ఏడాదే. కలలు తగ్గాయి. ఈ మధ్యలో సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక దిగులుకు మంచిదని ఎవరో చెబితే తెప్పించుకోబోయాను. డాక్టరు గారు గట్టిగా వద్దన్నారు. అది చాలా హెచ్ఐవీ మందులను ఒంట్లోంచి తొందరగా వెళ్ళగొట్టేస్తుందట. రక్తంలో మందు చాలకపోతే వైరస్ మళ్ళీ లేస్తుంది. మూలికే కదా, ఏం చేస్తుందిలే అనుకునే నాలాంటివాళ్ళ కోసం ఈ మాట రాశాను.

ధ్యానం మాట ఎత్తింది కౌన్సెలర్ మేడమే. ఎనిమిది వారాల తరగతులు మొదలవుతున్నాయనీ, వచ్చేవాళ్ళంతా హెచ్ఐవీతో ఉన్నవాళ్ళేననీ చెప్పారు. నాకు మనస్కరించలేదు. ధ్యానమంటే మనసులో ఆలోచనలన్నీ ఖాళీ చేయడమనీ, నాలాంటిదానికి అది చేతకాదనీ అనుకున్నాను. అంతకన్నా లోపలి కారణం ఇంకొకటుంది. ఒక గదిలో పదిమంది ముందు కూర్చుంటే వాళ్ళందరికీ నా సంగతి తెలిసిపోతుంది. "వాళ్ళకీ మీకు తెలిసిపోతుంది కదమ్మా," అన్నారు మేడమ్. ఆ మాట మీద వెళ్ళాను.

ఈ పద్ధతిని ఎంబీఎస్‌ఆర్ (మైండ్‌ఫుల్‌నెస్ బేస్డ్ స్ట్రెస్ రిడక్షన్) అంటారు, ధ్యాసతో ఒత్తిడి తగ్గించుకోవడమని అర్థం. 1979లో జాన్ కబాట్ జిన్ అనే ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదలుపెట్టారు. ఎన్ని మందులు వాడినా నొప్పులు తగ్గని రోగులు, మేం చేయగలిగింది ఇంతేనని డాక్టర్లు అనేసినవాళ్ళు ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళట. వారానికొకసారి రెండున్నర గంటల తరగతి, ఆరో వారం దాటాక ఒక రోజంతా మౌనం, ఇంటి దగ్గర రోజుకు ముప్పావు గంట సాధన. దేవుడి ప్రస్తావన లేదు, మంత్రం లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు, మంచీ చెడూ అనకుండా గమనించడం, ధ్యాస ఎటో పోతే మళ్ళీ తెచ్చుకోవడం. వినడానికి ఇంతే.

మొదటి రోజు మా చేతుల్లో తలా ఒక ఎండుద్రాక్ష పెట్టారు. నోట్లో వేసుకోవద్దన్నారు. చూడమన్నారు, ముడతలు తడిమి చూడమన్నారు, వాసన చూడమన్నారు, చెవి దగ్గర పెట్టుకుని నలిపి వినమన్నారు. ఆ తర్వాతే నాలుక మీదికి. ఎవరికీ ఏమీ చెప్పలేదు గానీ, ఆ కాసేపూ నేను ఆలోచించింది నా మాత్ర గురించే. నాలుగేళ్ళుగా వేసుకుంటున్నాను, దాని రంగేమిటని అడిగితే చెప్పలేను. ఆ రాత్రి డబ్బా మూత తీసి మాత్రను అరచేతిలో వేసుకుని మొదటిసారి చూశాను. ఒక పక్క ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. దడ అలాగే ఉంది. కానీ పది సెకన్ల పని ఆ రోజు రెండు నిమిషాలైంది.

రెండో తరగతిలోనే చిక్కు వచ్చిపడింది. కళ్ళు మూసుకుని ఊపిరిని గమనించమన్నారు. అందరూ చేస్తున్నారు. నాకు మూడో ఊపిరికే ఛాతీ బిగుసుకుపోయింది. నాలుగో ఊపిరి అందలేదు. లేచి బయటికొచ్చేశాను. నాకు హెచ్ఐవీ బయటపడిందే నిమోనియాతో. సీడీ4 బాగా పడిపోయినప్పుడు వచ్చే పీసీపీ అనే రకం. అప్పుడు మూడు వారాలు, రాత్రీ పగలూ నేను చేసిన పనల్లా ఊపిరిని లెక్కపెట్టుకోవడమే. ఇది లోపలికి వెళ్ళింది, తర్వాతది వెళ్తుందా లేదా అని. అందరికీ ఊరటనిచ్చే ఊపిరి నాకు ఆసుపత్రి మంచం.

నేర్పించే సారు నా వెనకే వచ్చారు. నేను మానేస్తానని చెప్పడానికి నోరు తెరిచేలోపే, "తప్పు నాదమ్మా, ముందే అడగవలసింది," అన్నారు. ఆయన చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. ఊపిరి అనేది ధ్యాసను కట్టేసుకునే ఒక గుంజ మాత్రమే. ఆ గుంజ గుచ్చుకుంటుంటే ఇంకో గుంజ చూసుకోవచ్చు. కళ్ళు తెరిచే ఉంచమన్నారు. అరికాళ్ళు నేలకు ఆనే చోట ఏం తెలుస్తోందో చూడమన్నారు. చల్లగా ఉందా, బరువుగా ఉందా, మడమ దగ్గర ఎక్కువా, వేళ్ళ దగ్గర ఎక్కువా. అదీ కుదరకపోతే చుట్టూ వినిపించే చప్పుళ్ళు. అంతే.

ఈ విషయం ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. నాతో తరగతులకు వచ్చిన ఇద్దరు ఇలాగే ఊపిరి దగ్గర ఇబ్బందిపడి, ఎవరికీ చెప్పకుండా మానేశారు. ధ్యానం ఎవరికీ చెడు చేయదని అందరూ అంటారు. అది నిజం కాదు. లోపల పాత గాయం ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని ఒంటరిగా కూర్చుంటే ఆ గాయం ఒక్కోసారి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. అలాంటప్పుడు పళ్ళ బిగువున భరించాల్సిన పని లేదు. కళ్ళు తెరవాలి, లేచి నడవాలి, నేర్పేవాళ్ళకు చెప్పాలి. నేను ఇవాళ్టికీ ఊపిరితో మొదలుపెట్టను, కాళ్ళతోనే మొదలుపెడతాను.

ఇక బాడీ స్కాన్. నా మనసులో ఏదైనా నిజంగా కదిలిందంటే ఇక్కడే. వెల్లకిలా పడుకుంటాం. ఎడమ కాలి బొటనవేలితో మొదలుపెట్టి, ఒక్కో భాగం మీద ధ్యాస నిలుపుతూ తలదాకా వస్తాం. ముప్పావు గంట. మొదటి వారం సగంలోనే నిద్రపోయాను, నాలుగేళ్ళ నిద్ర బాకీ ఉంది కదా. రెండో వారం మోచేతి మడత దగ్గరికి వచ్చేసరికి, పరీక్షకు సూది గుచ్చే ఆ నరం దగ్గర, నా ధ్యాస నిలవలేదు. దాటేసింది. వెనక్కి తెచ్చాను, మళ్ళీ దాటేసింది. మూడోసారికి దాటేయడానికి కారణం తెలిసింది. అసహ్యం. నా రక్తమంటే నాకు అసహ్యం.

కూరగాయలు తరుగుతూ వేలు తెగితే నేను ఆ కత్తిపీటను మూడుసార్లు బ్లీచింగు నీళ్ళతో కడిగేదాన్ని. నా తువ్వాలు వేరు, నా గ్లాసు వేరు. ఎవరూ వేరు పెట్టమనలేదు, నేనే పెట్టుకున్నాను. చిన్నపిల్లలెవరైనా ఒళ్ళోకి వస్తే చేతులు దూరం పెట్టుకునేదాన్ని. తాకితే, కలిసి తింటే ఇది అంటదని నాకు తెలుసు. వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో ఉన్నవాళ్ళ నుంచి లైంగికంగా కూడా సోకదని తెలుసు. 2016లో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయనం గురించి కౌన్సెలర్ మేడమ్ ఎన్నోసార్లు చెప్పారు. ఒకరికి హెచ్ఐవీ ఉండి ఇంకొకరికి లేని 888 జంటలను గమనించారు. మందులు వాడుతూ వైరల్ లోడ్ అణిగి ఉన్నవాళ్ళు కండోమ్ లేకుండా దాదాపు 58 వేల సార్లు కలిసినా, ఒక్కరికి కూడా తమ భాగస్వామి నుంచి సోకలేదు. అంకెలు నాకు కంఠస్థం. తలకు తెలిసింది చేతులకు తెలియలేదు.

ఆ రోజు ఏడుస్తూ పడుకుని ఉన్నాను. సారు గొంతు నెమ్మదిగా సాగుతోంది. ఎక్కడైనా ధ్యాస నిలవకపోతే బలవంతపెట్టకండి, ఆ చోటి అంచున కాసేపు ఉండండి, అంటున్నారు. అంచున ఉన్నాను. మోచేతి మడత పక్కన చర్మం వెచ్చగా ఉంది. లోపల ఏదో సన్నగా కొట్టుకుంటోంది. నాడి. ఇంత జరిగినా, నేనింత ద్వేషించినా, నిమిషానికి డెబ్బై సార్లో ఎనభై సార్లో నన్ను బతికించే పని అది చేస్తూనే ఉంది. నాకు ప్రేమ పొంగుకొచ్చిందని చెప్పను, అలాంటిదేమీ లేదు. జాలేసింది. ఇంట్లో ఒక మూల ఎన్నాళ్ళుగానో ఎవరూ పలకరించని మనిషి ఉంటే, చూసి మనకెలా అనిపిస్తుందో అలా.

ఆ తర్వాత రోజూ ఆ మోచేతి దగ్గర రెండు నిమిషాలు ఎక్కువ ఆగేదాన్ని. తువ్వాలు వేరు పెట్టడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. నిర్ణయం తీసుకుని మానలేదు. ఒక రోజు చూసుకుంటే వేరుగా లేదు.

అన్నీ ఇలా సాఫీగా సాగాయని అనుకోవద్దు. అయిదో వారం కుప్పకూలాను. ఏ కారణమూ లేదు. పొద్దున్న లేచి పళ్ళు తోముకోవడమే కొండంత పని. తొమ్మిది రోజులు సాధన లేదు. రికార్డింగు పెట్టుకుని పడుకుంటే సారు గొంతు వినబడేది గానీ నా లోపల ఎవరూ లేనట్టుండేది. దానికి తోడు, ధ్యానం కూడా చేయలేకపోతున్నానన్న కొత్త బాధ. ఇదొక పెద్ద ఉచ్చు. ఒత్తిడి తగ్గడానికి మొదలుపెట్టిన పనే, చేయని రోజున, నన్ను తిట్టడానికి ఇంకో కర్రయింది.

డిప్రెషన్ బాగా లోతుగా ఉన్నప్పుడు కదలకుండా కూర్చోవడం అందరికీ మేలు చేయదని అప్పుడు తెలుసుకున్నాను. దిగులు మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళ కోసం సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు మానసిక శాస్త్రవేత్తలు ఇలాంటి ధ్యానాన్ని మానసిక చికిత్సతో కలిపి ఎంబీసీటీ (మైండ్‌ఫుల్‌నెస్ బేస్డ్ కాగ్నిటివ్ థెరపీ) అనే పద్ధతిని తయారుచేశారు. వాళ్ళు దాన్ని మొదట ఉద్దేశించింది దిగులు తగ్గి తేరుకున్నాక, అది తిరగబెట్టకుండా చూడటానికి. నిండా మునిగి ఉన్నప్పుడు ముందు ఎవరైనా చెయ్యి అందించాలి. ఈత పాఠం తర్వాత. ఆ వారం నాకు అందిన చెయ్యి డాక్టరు గారిది. డిప్రెషన్ మందు మోతాదు మార్చారు. సారు ముప్పావు గంట సాధన పక్కన పెట్టించి, ఎంబీసీటీలోని మూడు నిమిషాల అభ్యాసం ఒకటే చేయమన్నారు. ఒక నిమిషం, ఇప్పుడు లోపల ఏముందో చూసుకోవడం. ఒక నిమిషం, ధ్యాసంతా ఒక్కచోటికి తేవడం. అందరూ ఊపిరి దగ్గరికి తెస్తారు, నేను పాదాల దగ్గరికి. ఇంకో నిమిషం, ఆ ధ్యాసను ఒళ్ళంతటికీ పరచడం. ఇంకా, నడక. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు, అడుగు లేవడం, జరగడం, ఆనడం గమనిస్తూ నడవడం. పడుకుంటే నన్ను మింగేసే దిగులు, నడుస్తుంటే కాస్త వెనకబడేది.

ఆ మూడు నిమిషాలను తొమ్మిది గంటల అలారానికి ముడిపెట్టాను. అలారం మోగగానే డబ్బా తీయను. ముందు కూర్చుంటాను. ఇప్పుడేముంది? గుండె కొట్టుకుంటోంది, అరచేతులు తడిగా ఉన్నాయి, "ఎన్నాళ్ళిలా" అనే ఆలోచన ఉంది. సరే, ఉన్నాయి. కాళ్ళు ఎక్కడున్నాయి? నేల మీద. తర్వాత ఒళ్ళంతా. అప్పుడు మాత్ర. మాత్రను చూస్తూ వేసుకోవడం. మందు వేళ తప్పకుండా ఉండటానికి సాధన పనికొచ్చింది, సాధన తప్పకుండా ఉండటానికి మందు పనికొచ్చింది. ఈ చిట్కా ఎవరూ చెప్పింది కాదు, నాకు నేనే పట్టుకున్నాను. మందు రోజూ ఒకే వేళకు వేసుకునేవాళ్ళకు అందరికీ ఆ అలారమే ధ్యానానికి పిలిచే గంట అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మౌనంగా గడిపిన రోజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆ రోజు మధ్యాహ్నం మైత్రీ భావన చేయించారు. "నేను క్షేమంగా ఉండాలి, నేను నెమ్మదిగా ఉండాలి" అని మనకు మనం చెప్పుకోవడం. నాకు మాట రాలేదు. పక్కన కూర్చున్న వాళ్ళకు చెప్పగలిగాను, నాకు నేను చెప్పుకోలేకపోయాను. ఇప్పటికీ కొన్ని రోజులు అంతే.

ఎనిమిది వారాలయ్యాక మళ్ళీ ఆ తొమ్మిది ప్రశ్నల కాగితం నింపాను. 11. ఆరు నెలలకు 6. ఇందులో డిప్రెషన్ మాత్ర పనెంత, ఎఫావిరెంజ్ మారినందువల్ల ఎంత, ధ్యానం వల్ల ఎంత, నావంటి పదిమందితో వారం వారం కూర్చున్నందువల్ల ఎంత అని అడిగితే నేను విడదీయలేను. విడదీయాల్సిన అవసరమూ కనిపించలేదు.

అసలు పరీక్ష ఆ తర్వాత ఏడాది వచ్చింది. వైరల్ లోడ్ 78 అని వచ్చింది. నేను పరీక్ష చేయించుకునే చోట 50 లోపుంటే కనిపించనట్టు లెక్క. ఇలా ఒక్కసారి కొంచెం పెరిగి మళ్ళీ దిగడం చాలామందిలో మామూలేననీ, దాన్ని బ్లిప్ అంటారనీ, మందు విఫలమైనట్టు కాదనీ డాక్టరు గారు చెప్పారు. కొన్ని వారాల్లో మళ్ళీ చూద్దామన్నారు. చెప్పింది విన్నాను. ఇంటికొచ్చేసరికి నా బుర్రలో మందు పనిచేయడం మానేసింది, రెండో రకం మందులూ మానేశాయి, నిమోనియా వచ్చింది, ఆ మంచం మళ్ళీ వచ్చింది. సాయంత్రానికల్లా నా చావుకు ఎవరెవరొస్తారో కూడా లెక్క వేసేశాను.

ఆ రాత్రి తొమ్మిదికి కూర్చున్నాను. మూడు నిమిషాలు సరిపోలేదు. గంట కూర్చున్నాను, నడిచాను, మళ్ళీ కూర్చున్నాను. చేసిందల్లా ఒకటే. ఒంట్లో ఉన్నదేదో, మనసు చెబుతున్నదేదో వేరువేరుగా చూడటం. ఒంట్లో ఉన్నది: గొంతులో ముద్ద, పొట్టలో చలి, భుజాల బిగువు. మనసు చెబుతున్నది: ఒక పెద్ద కథ. కాగితం మీద ఉన్నది: 78 అనే అంకె. ఈ మూడూ మూడు వేరు సంగతులని ఆ రాత్రి కనీసం ఇరవైసార్లు చూశాను, ఇరవైసార్లూ మళ్ళీ కలిసిపోయాయి. భయం పోలేదు. ఇది నిక్కచ్చిగా చెప్పాలి. కానీ మునుపైతే అలాంటి రాత్రి అసలు నిద్రుండేది కాదు, మర్నాడు పనికి పోయేదాన్ని కాదు, తర్వాతి పరీక్షకు వెళ్ళకుండా తప్పించుకు తిరిగేదాన్ని. ఆ రాత్రి రెండింటికి నిద్ర పట్టింది. అయిదు వారాల తర్వాత పరీక్షకు వెళ్ళాను. కనిపించని స్థాయికే దిగింది.

తర్వాత ఒక విషయం నన్ను బాగా కోపానికి గురిచేసింది. ధ్యానం వల్ల నాకు మేలు జరిగిందని తెలిసి, ఒకరు నా దగ్గరికొచ్చి, ఇంకేం, ఇక మందులు కూడా మానేయొచ్చు, మనసును అదుపులో పెడితే ఒళ్ళు దానంతటదే బాగుపడుతుందన్నారు. ఆ మాట విని నిజంగానే మానేసినవాళ్ళను నేను చూశాను. ఒకరిని కాపాడుకోలేకపోయాం. మందు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ మళ్ళీ రక్తంలోకి వస్తుంది. కొన్ని కణాల్లో అది నిద్రపోతూ దాక్కుని ఉంటుంది, ధ్యానం దాన్ని తాకలేదు. దయచేసి ఈ రెండింటినీ పోటీ పెట్టకండి.

సీడీ4 సంగతీ చెప్పాలి, ఎందుకంటే అందరూ అడుగుతారు. 2009లో లాస్ ఏంజెలెస్‌లో 48 మందితో చేసిన ఒక చిన్న అధ్యయనంలో, ఎనిమిది వారాల తరగతులకు వెళ్ళినవాళ్ళ సీడీ4 నిలకడగా ఉందని, మిగతావాళ్ళది తగ్గిందని తేలింది. దాని గురించి చాలా గొప్పగా చెప్పుకున్నారు. 2018లో ఇంతకన్నా ఎక్కువమందితో చేసిన ఇంకో అధ్యయనంలో సీడీ4లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తరగతులకు వెళ్ళినవాళ్ళలో దిగులూ ఒత్తిడీ మొదటి నెలల్లో కొంత తగ్గాయి గానీ, పోల్చి చూసిన రెండో గుంపుకన్నా అందులో పెద్ద తేడా తేలలేదు. నా అనుభవమూ రెండోదానికే దగ్గర. నా సీడీ4ను పెంచింది మందులు. తరగతులకు ముందూ తర్వాతా అది దాదాపు ఒకే తీరులో ఉంది.

పోయిన నెల పరీక్షకు వెళ్ళినప్పుడు పక్క కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుంది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ముఖానికి చున్నీ చుట్టుకుని, టోకెన్ను నలిపి నలిపి పోగులు చేస్తోంది. మందు మొదలుపెట్టి మూడు నెలలట, మొదటి వైరల్ లోడ్ రిపోర్టు కోసం వచ్చిందట. మాటల్లో నేను ధ్యానం చేస్తానని చెప్పాను.

"అది చేస్తే సీడీ4 పెరుగుతుందా అక్కా?" అంది.

"పెరుగుతుందని నేను చెప్పలేనమ్మా. దాన్ని నీ మాత్ర చూసుకుంటుంది."

"మరి ఎందుకు చేస్తారు?"

వెంటనే జవాబు రాలేదు. ఆలోచించి, "ఇప్పుడు నీకు గుండె దడగా ఉందా?" అని అడిగాను. ఉందని తలూపింది. "ఎక్కడుంది?" ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించింది. "చెప్పులు విప్పి కాళ్ళు నేల మీద పెట్టు," అన్నాను. పెట్టింది. చల్లగా ఉందంది. ఏ కాలికి ఎక్కువ చల్లగా ఉందో చూడమన్నాను. కళ్ళు మూసుకోబోతే, తెరిచే ఉంచమన్నాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. హాల్లో ఎవరో దగ్గుతున్నారు, పైన ఫ్యాను కిర్రుమంటోంది. "ఎడమ కాలికి," అంది కాసేపాగి. ఆ తర్వాత, "దడ తగ్గలేదక్కా," అంది.

"తగ్గకపోయినా ఫరవాలేదు. కాళ్ళు కూడా ఉన్నాయి కదా," అన్నాను.

లోపలి నుంచి టోకెన్ నంబరు పిలిచారు. లేచింది. రెండడుగులు వేసి వెనక్కొచ్చి, "ఇది పట్టుకుంటారా అక్కా, ఇప్పుడే వస్తాను," అని తన సంచీ నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది.